చిరునామా లేని గాయం

2025 మార్చి నెలాఖరున గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లా బగసరా తాలూకాకు చెందిన ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాల దేశవ్యాప్తంగా వార్తలకెక్కింది. అక్కడ దాదాపు నలభై మంది పిల్లల చేతుల మీద, వారంతట వారు చేసుకున్న గాట్లు బయటపడ్డాయి. ఏదో వీడియో గేమ్ పిల్లల చేత ఈ పని చేయిస్తోందన్న ప్రచారం వెంటనే మొదలైంది. పోలీసుల విచారణలో తేలింది వేరు. అది పిల్లలు తమలో తాము వేసుకున్న పది రూపాయల పందెం. గేమ్ ఏదీ లేదని తెలియగానే వార్త చల్లారిపోయింది. 'ఎవరు నేర్పారు?' అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. నలభై చేతుల మీద గాట్లు పడేదాకా పెద్దల చూపు అటు ఎందుకు పోలేదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

అమ్రేలీ నుంచి సూరత్‌కు ఉన్నది బస్సు దారి మాత్రమే కాదు, బతుకు దారి కూడా. సూరత్‌లోని వరాఛా, కతార్‌గామ్ వజ్రాల కార్ఖానాలలో సాన పట్టే చేతులలో అత్యధికం సౌరాష్ట్ర నుంచి, ముఖ్యంగా అమ్రేలీ, భావనగర్ జిల్లాల నుంచి వచ్చినవే. అదే నగరంలో లింబాయత్ చుట్టుపక్కల పేటలలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలీలు తరాలుగా మరమగ్గాల మీద బతుకుతున్నారు. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడపవలసి వచ్చిందంటే ఎందరు పరాయి ఊళ్ళవారు ఆ నగరాన్ని మోస్తున్నారో ఊహించవచ్చు. కౌమారంలోని పిల్లలు తమ దేహాన్ని తామే ఎందుకు గాయపరచుకుంటారో, దాని వెనుక సమాజం పాత్ర ఏమిటో అర్థం చేసుకోవడానికి సూరత్‌ను మించిన పాఠ్యపుస్తకం అరుదు. అయితే ఆ పుస్తకాన్ని కాస్త వెనుక పుటల నుంచి చదవాలి.

గుజరాత్ గడ్డ మీద స్వీయగాయానికి ఒక సామాజిక చరిత్ర ఉంది. కాఠియావాడ్‌లో చారణులు, భాట్లు అనే కులాలవారు శతాబ్దాల పాటు ఒప్పందాలకు జామీనుగా నిలిచేవారు. అప్పుకైనా, శిస్తుకైనా, సంస్థానాల మధ్య సంధికైనా వారి మాటే పూచీ. 1807లో బరోడా రెసిడెంటు కర్నల్ అలెగ్జాండర్ వాకర్ కాఠియావాడ్ సంస్థానాలతో కప్పం గురించి ఒడంబడికలు కుదుర్చుకున్నప్పుడు కూడా ఈ జామీను పద్ధతినే ఆశ్రయించాడు. మాట ఇచ్చినవాడు తప్పితే చారణుడు వాని గుమ్మం ముందుకు వెళ్ళి తన దేహాన్ని తానే గాయపరచుకునేవాడు. అరుదుగా ప్రాణమే తీసుకునేవాడు. దీనిని 'త్రాగా' అనేవారు. చారణుని రక్తం చిందితే ఆ పాపం మాట తప్పినవానికి చుట్టుకుంటుందని అందరి నమ్మకం. 1856లో వెలువడిన అలెగ్జాండర్ ఫోర్బ్స్ 'రాస్ మాలా' గ్రంథంలో దీని వివరణ ఉంది. అలా మరణించినవారికి నిలిపిన పాళియా శిలలు నేటికీ ఆ ప్రాంతపు ఊరి పొలిమేరలలో కనిపిస్తాయి.

త్రాగాను కీర్తించవలసిన పని లేదు. భయం మీద, కులం మీద నిలిచిన క్రూరాచారం అది. కొన్నిసార్లు ఆ గాయం పడింది ముసలివారి మీద, ఇంటి ఆడవారి మీద. అయినా అందులో ఒక సంగతి గమనించదగినది. ఆ గాయానికి చిరునామా ఉండేది. ఎవరిని ఉద్దేశించిందో, ఏమి అడుగుతున్నదో ఊరందరికీ తెలిసేది. ఆయుధబలం లేనివాడు, న్యాయస్థానం అందుబాటులో లేనివాడు తన ఒంటినే విన్నపపత్రం చేసుకునేవాడు. మన భాషలోని 'తల బాదుకోవడం', 'గుండెలు బాదుకోవడం' వంటి మాటలలో కూడా ఈ పాత సంగతి దాగి ఉంది. చెప్పుకునే నోరు లేనిచోట దేహమే నోరవుతుంది.

వలస ప్రభుత్వం ఈ భాషను నేరంగా చదివింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 508వ సెక్షన్ దైవాగ్రహం పేరిట ఎదుటివానిని లొంగదీయడాన్ని శిక్షార్హం చేసింది. దాని కింద ఇచ్చిన రెండు ఉదాహరణలలో ఒకటి ఇంటి ముందు ధర్నా కూర్చోవడం, రెండవది తన బిడ్డనే చంపుతానని ఎదుటివానిని బెదిరించడం. త్రాగా పేరు లేకపోయినా దాని నీడ అందులో స్పష్టంగా ఉంది. అదే స్మృతిలోని 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నానికి ఏడాది వరకు జైలు విధించింది. మొదటిది ఎదుటివానికి వినిపించేలా గాయపరచుకునేవాని కోసం, రెండవది మౌనంగా ప్రాణం తీసుకోబోయేవాని కోసం. రెంటికీ ఒకే జవాబు, శిక్ష.

ఈ 309వ సెక్షన్ వదిలించుకోవడానికి స్వతంత్ర భారతానికి పట్టిన కాలం చూస్తే మన రాజకీయ వ్యవస్థకు ఈ విషయం మీద ఎంత శ్రద్ధ ఉందో తెలుస్తుంది. 1971లో లా కమిషన్ తన 42వ నివేదికలో దానిని తొలగించమన్నది. 1978లో రాజ్యసభ బిల్లును ఆమోదించింది. మరుసటి ఏడు లోక్‌సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. 1986లో బొంబాయి హైకోర్టు ఆ సెక్షన్ చెల్లదన్నది, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందన్నది. 1994లో పి. రతినం కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తిరిగి నిలబెట్టింది. చివరికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్‌తో దృష్టి మారింది. ఆ స్థితిలో ఉన్న మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలనీ, అతనిని శిక్షించరాదనీ, చికిత్స, సంరక్షణ, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అనీ ఆ చట్టం చెప్పింది.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత 309ని వదిలేసింది. కానీ 226వ సెక్షన్‌లో దాని అవశేషం ఒకటి మిగిలింది. ప్రభుత్వోద్యోగిని ఒక పని చేయమనో మానమనో ఒత్తిడి చేసే ఉద్దేశంతో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే నేటికీ అది నేరమే. అంటే మౌనంగా నలిగిపోయేవాడు జాలికి అర్హుడు, రాజ్యం పేరు ఎత్తి అదే పని చేసేవాడు శిక్షకు అర్హుడు. గాయానికి చిరునామా ఉండడమే ఇంకా నేరంగా మిగిలింది.

ఈ రెండు శతాబ్దాలలో గాయం స్వభావం కూడా మారింది. నేటి పిల్లల స్వీయగాయం గుమ్మం ముందు కాదు, గది తలుపు మూసుకున్నాక జరుగుతుంది. పొడుగు చేతుల చొక్కా కింద, దుపట్టా మాటున దాగుతుంది. దానికీ ఆత్మహత్యాయత్నానికీ తేడా ఉంది. చాలామంది పిల్లలకు చనిపోవాలన్న ఉద్దేశం ఉండదు. భరించలేని ఉద్వేగం నుంచి కాసేపు తప్పించుకోవడం, మొద్దుబారిన మనసుకు ఏదో ఒక స్పర్శ తెలియడం, తమను తాము శిక్షించుకోవడం, చెప్పలేనిది చూపడం వంటివి దాని వెనుక ఉండే కారణాలు. 1938లోనే అమెరికన్ మనోవైద్యుడు కార్ల్ మెనింజర్ దీనిని ఆత్మహత్యకు వ్యతిరేకమైన చర్యగా, బతికి ఉండడానికి మనిషి చేసుకునే రాజీగా వివరించాడు. 1987లో అర్మాండో ఫవాజా దానిని వివిధ సంస్కృతుల నేపథ్యంలో పరిశీలించాడు. 2013లో అమెరికన్ మనోవైద్య సంఘం తన వ్యాధుల గ్రంథం ఐదవ కూర్పులో దీనిని విడిగా, మరింత అధ్యయనం అవసరమైన స్థితిగా పేర్కొన్నది. ఉద్దేశం వేరైనా అపాయం తక్కువని కాదు. అలా పదే పదే గాయపరచుకునే పిల్లలకు మున్ముందు ప్రాణాపాయం కూడా ఎక్కువ. కనుక అది పిల్ల చేష్ట కాదు, నటన కాదు, ముందస్తు హెచ్చరిక.

వైద్యం ఇలా వ్యక్తి మనసులోకి చూసింది. అంతకు ముందే, 1897లో, ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దుర్ఖైమ్ ఆత్మహత్యల లెక్కలు ముందు పెట్టుకుని, అత్యంత వ్యక్తిగతమనిపించే ఆ చర్య వెనుక సమాజపు బంధాల బిగువు, సడలింపు ఉంటాయని వాదించాడు. ఆర్థిక పతనంలోనే కాదు, హఠాత్తుగా వచ్చిన సంపదలోనూ మనిషికి కట్టుబాట్ల ఆసరా తెగిపోతుందని ఆయన గుర్తించాడు. ఆ మాటను సూరత్‌కు అన్వయించి చూస్తే నగరం మరో విధంగా కనిపిస్తుంది.

2011 జనగణనలో సూరత్ నగర జనాభా 44 లక్షలు దాటింది. అందులో వెయ్యి మంది పురుషులకు 756 మంది స్త్రీలే ఉన్నారు. ఆ అంకె ఆడశిశువుల కొరతను మించిన కథ చెబుతుంది. నగరంలో మగవాడు, ఊరిలో అతని కుటుంబం. గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికుడు ఒకే గదిని షిఫ్టుల వారీగా పదిమందితో పంచుకుంటాడు. అతని పిల్లలు తండ్రిని ఫోన్‌లో చూస్తూ పెరుగుతారు. కుటుంబంతో వచ్చినవారి ఇంట్లో సమస్య వేరు. మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు. తండ్రి పగటి పాళీలో ఉంటే రాత్రి అలసి నిద్రపోతాడు, రాత్రి పాళీలో ఉంటే పగలు నిద్రపోతాడు. ఒకే గది ఇంట్లో పద్నాలుగేళ్ళ అమ్మాయికి దుస్తులు మార్చుకునే చోటు లేదు, ఏడ్చుకునే చోటు అసలే లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ. మూడు భాషలూ వచ్చిన పిల్లవానికి తన బాధ చెప్పుకోవడానికి ఏ భాషా చాలకపోవచ్చు. ఆ మాట వినే తీరిక ఎవరికీ లేదు.

కూలి తీరు కూడా ఇంట్లోకి వస్తుంది. వజ్రానికైనా గుడ్డకైనా చేసిన పనిని బట్టే డబ్బు. పని లేని రోజు ఆదాయమూ లేదు. 2008 చివర ప్రపంచ మాంద్యం వచ్చినప్పుడు సూరత్ సానపట్టే కార్ఖానాలు మూతపడి వేలాది కుటుంబాలు సౌరాష్ట్రకు తిరుగుముఖం పట్టాయి. ఉక్రెయిన్ యుద్ధం తరువాత రష్యా ముడి వజ్రాల మీద వచ్చిన ఆంక్షలు, ప్రయోగశాల వజ్రాల పోటీ, పడిపోయిన గిరాకీ కలిసి మళ్ళీ అదే స్థితి తెచ్చాయి. 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రారంభించారు. ఆరు నెలలు కాగానే, 2024 జూలైలో, వజ్ర కార్మికుల సంఘం ఆత్మహత్యల నివారణకు సొంతంగా ఒక ఫోన్ సహాయకేంద్రం తెరవవలసి వచ్చింది. 2025 మే నెలలో గుజరాత్ ప్రభుత్వం పని పోయిన రత్నకళాకారుల పిల్లల చదువుకు రూ.13,500 వరకు ఫీజు సాయం ప్రకటించింది. అది అవసరమైన సాయమే. కానీ నడి సంవత్సరంలో బడి మారిన పిల్లవాని స్నేహాలు, అప్పులవాళ్ళ ఫోన్లకు భయపడే తండ్రి ముఖం, రాత్రి వేళ గుసగుసగా సాగే తగాదాలు ఏ ఫీజు రసీదులోనూ రావు. బగసరా తాలూకాలోని ఆ బడికీ ఈ మాంద్యానికీ నేరుగా ముడిపెట్టడం తొందరపాటు. అయినా పెద్దల చింత గోడలు దాటి పిల్లలను చేరుతుందన్నది కాదనలేని నిజం.

దీనికి చదువు బరువు తోడవుతుంది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022లో సుమారు 3.79 లక్షల మంది విద్యార్థులతో జరిపిన సర్వేలో, 81 శాతం మంది తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలను కారణంగా చూపారు. మగ్గం మీదా సాన మీదా బతికే ఇంట్లో పరీక్ష అంటే ఒక్క పరీక్ష కాదు, ఆ ఇంటికి కార్ఖానా నుంచి బయటపడే ఏకైక తలుపు. ఇక ఆడపిల్లల విషయంలో మరొక గోడ ఉంది. అనేక దేశాల అధ్యయనాలలో కౌమారంలో స్వీయగాయం బాలికలలోనే ఎక్కువగా కనిపించింది. కోపం వస్తే మగపిల్లవాడు వీధిలోకి పోయి ఎవరితోనో తగాదా పెట్టుకుంటాడు, దానిని వయసు ప్రభావమంటారు. ఆడపిల్ల కోపానికి వీధి లేదు. ఉన్నదల్లా తన ఒళ్ళే.

ఇన్ని కారణాలు కళ్ళెదుట ఉండగా రాజ్యం వెతికేది మాత్రం ఒక ఆటను. ఈ అలవాటు కొత్తది కాదు. 1774లో గోథే నవల 'వెర్థర్' వెలువడినప్పుడు యువకులు దానిని చదివి చనిపోతున్నారన్న భయంతో మరుసటి ఏడాది లైప్‌జిగ్ నగరం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 2017లో బ్లూ వేల్ భయం దేశమంతా పాకింది. చివరకు 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది ఏమిటంటే, పరిశీలించిన ఏ ఘటనలోనూ ఆ ఆట పాత్ర నిరూపణ కాలేదని. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతున్నారని కనీసం పదిమంది యువకులను అరెస్టు చేశారు. ఒకరిని చూసి ఒకరు చేయడం ఈ వయసులో ఉన్నదే. స్వీయగాయం తోటివారి మధ్య పాకగలదని పరిశోధనలూ చెబుతున్నాయి. కానీ అగ్గిపుల్లను నిషేధించినంత మాత్రాన ఎండిన గడ్డి పచ్చబడదు. ఆట మీద నిందకు ఖర్చు లేదు. ఇంటి మీద, కూలి మీద, బడి మీద ప్రశ్న వేస్తే జవాబుతో పాటు బడ్జెట్ కూడా ఇవ్వాలి.

ఈ నిర్లక్ష్యం లెక్కలలోనూ ఉంది. జాతీయ నేర గణాంక సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. ఆ సంస్థ మరణాలను లెక్కిస్తుంది. మరణం దాకా పోని గాయాలకు అందులో గడి లేదు. నిమ్హాన్స్ 2015-16లో గుజరాత్‌తో సహా పన్నెండు రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13-17 ఏళ్ళ వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నదని అంచనా వేసింది. తెలుగు రాష్ట్రాలు ఆ పన్నెండులో లేవు. బడి రిజిస్టరులో హాజరు ఉంటుంది, మధ్యాహ్న భోజనం లెక్క ఉంటుంది. పిల్లవాని చేతి మీది గాయానికి మాత్రం గడి ఉండదు.

లెక్కించడం నేర్చుకుంటే ఏమవుతుందో సూరత్‌కే బాగా తెలుసు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది, ముఖ్యంగా వలస కార్మికులు, ఆ నగరాన్ని వదిలి పారిపోయారు. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి అధికారాన్ని కిందికి పంపారు. అధికారులను ఏసీ గదుల నుంచి రోజూ వీధులలోకి నడిపించారు. ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు ప్రైవేటు వైద్యుల నుంచీ జ్వరాల సమాచారం రోజువారీగా రాబట్టే ఏర్పాటు జరిగింది. రెండేళ్ళు తిరగకముందే, 1996లో, ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేర్కొన్నది. ఏ పేటలో ఎందరికి జ్వరం వచ్చిందో సాయంత్రానికల్లా తెలుసుకోగలిగిన నగరానికి, ఏ బడిలో ఎందరు పిల్లలు తమను తాము గాయపరచుకుంటున్నారో తెలుసుకోవడం చేతకాని పని కాదు. పిల్లల పేర్లు బయటకు పొక్కకుండా, పోలీసుల ప్రసక్తి లేకుండా, సిగ్గుపరచకుండా తెలుసుకోవడమే అందులో కష్టమైన భాగం.

అలా తెలుసుకుంటే ఫలితం ఉంటుందనడానికి నిదర్శనాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో దాదాపు రెండు వేల మంది పిల్లలను పదిహేనేళ్ళ వయసు నుంచి ఇరవై తొమ్మిది దాకా అనుసరించిన అధ్యయనం 2012లో లాన్సెట్‌లో వచ్చింది. కౌమారంలో సుమారు 8 శాతం మంది తమను తాము గాయపరచుకున్నారు. ఇరవై తొమ్మిది నాటికి అది ఒక శాతం కన్నా తక్కువకు తగ్గింది. చాలామంది పిల్లలు దానిని దాటి వస్తారు. ఆ కొద్ది ఏళ్ళు వారిని ఒంటరిగా వదలకపోవడమే పెద్దల పని. బిహార్‌లోని నలంద జిల్లా ఉన్నత పాఠశాలలలో జరిగిన 'సెహర్' ప్రయోగం ఫలితాలు 2018లో అదే పత్రికలో వెలువడ్డాయి. మనోవైద్యులు కాని సాధారణ యువతీయువకులకు శిక్షణ ఇచ్చి బడిలో సలహాదారులుగా ఉంచితే, బడి వాతావరణం మెరుగుపడి పిల్లలలో కుంగుబాటు, వేధింపులు, హింస తగ్గాయి. అదే బాధ్యత ఉపాధ్యాయుల మీద అదనంగా వేసినచోట ఆ ఫలితం రాలేదు. పాఠం తేటతెల్లం. పిల్లవాని మాట వినడం ఎవరో తీరిక చూసుకుని చేసే పుణ్యకార్యం కాదు, జీతమిచ్చి చేయించవలసిన ఉద్యోగం.

సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే మాట చెప్పింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన పదిహేడేళ్ళ విద్యార్థిని కేసులో 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్ ఉండాలన్నది వాటిలో ఒకటి. చట్టం వచ్చేదాకా ఇవే అమలులో ఉంటాయని కోర్టు చెప్పింది. ఇక తేలవలసింది రాష్ట్రాల బడ్జెట్ పద్దులలో. ఆ పద్దు కనపడేదాకా తీర్పు కాగితంగానే ఉంటుంది.

ఈలోగా ప్రతి ఇంటికీ, ప్రతి బడికీ సాధ్యమైన పని ఒకటుంది. పిల్లల చేతి మీద గాయం కనిపిస్తే అరవకుండా, కొట్టకుండా, నలుగురిలో నిలబెట్టకుండా, 'ఎవరు నేర్పారు' అనే ముందు 'ఎప్పటి నుంచి బాధపడుతున్నావు' అని అడగడం. జవాబు వచ్చేదాకా పక్కన కూర్చోవడం. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'టెలి మానస్' 14416 నంబరులో తెలుగుతో సహా అనేక భాషలలో రాత్రింబవళ్ళు ఉచితంగా మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది.

చారణుడు గుమ్మం ముందు నిలిస్తే ఊరు తలుపులు మూసుకోలేదు, మూసుకునే ధైర్యం చేయలేదు. అది శాపభయం. శాపాలను నమ్మని కాలం వచ్చింది, మంచిదే. పిల్లలు తమ చేతుల మీద రాసుకుంటున్న విన్నపాన్ని చదవడానికి భయం అక్కరలేదు. అది తమ పేరిటే వచ్చిందని పెద్దలు గ్రహించగలిగితే చాలు.